నూట పన్నెండు స్లైడ్లు

రక్తం ఆరడం లేదు. గాజుపలక మీద చింతగింజంత చుక్క. జ్వరంలో ఉన్న పిల్ల కనక ఎడమచేతి వేలి నుంచి తీసి పన్నెండు నిమిషాలైంది, నా గడియారం అబద్ధం చెప్పదు, ఇంకా తడిగానే మెరుస్తోంది. కింద మైదానంలో అయితే ఈపాటికి ఎండి, రంగు పడి, మైక్రోస్కోపు కింద ఉండేది. ఇక్కడ తేనెపుట్టులో శ్రావణమాసం. మబ్బు తలుపు తోసుకుని ఇంట్లోకి నడిచి వస్తుంది, ఉప్పు నీరవుతుంది, అగ్గిపుల్ల వెలగదు, రక్తం ఆరదు. బయట వాకిట్లో ముప్పైమంది. కాదు, లెక్కపెట్టాను, ముప్పైనలుగురు. గొడ్డళ్ళు పదకొండు. ఆవులు కొండ దిగే వేళకి సోములమ్మని తీసుకుపోతామని ఊరి పెద్ద సుక్రు చెప్పాడు. ఎక్కడికి అని నేను అడగలేదు. ఇది చిల్లంగిదని, మంత్రం పెట్టి ఏడుగురిని తినేసిందని ఊరంతా ఒక్కమాట మీద ఉంది. కొందరు పళ్ళు పీకి ఊరు దాటిస్తే చాలంటున్నారు, పళ్ళు లేకపోతే మంత్రం పలకదట. మిగిలినవాళ్ళు మాట్లాడకుండా గెడ్డ వైపు చూస్తున్నారు. వానకి గెడ్డ ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది, ఆ మోత ఇక్కడికి వినిపిస్తోంది. ఆవులు ఐదుంపావుకి వస్తాయి. ఇప్పుడు నాలుగూ ఎనిమిది. అరవైఏడు నిమిషాలు.

నా ఎదురుగా సోములమ్మ. ఇల్లు ఆమెదే, ఆమెని వదిలి కదలకూడదని పెట్టె ఇక్కడే దించాను. ఏ చుక్క ఆరితే తన ప్రాణం నిలుస్తుందో ఆ చుక్కకి తనే చేటతో విసురుతోంది. అరవై ఏళ్ళుంటాయి, ముక్కుకి మూడు పోగులు, పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి, ఆ పళ్ళ వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. రెండడుగుల దూరంలో పొయ్యి మండుతోంది. ఆ సెగ దగ్గర పెడితే నిమిషంలో ఆరుతుంది, కానీ పెట్టకూడదు. వేడి తగిలితే రక్తం గాజుకి ఉడికి అతుక్కుపోతుంది, ఎర్రదనం కడిగినా వదలదు, లోపల ఏముందో ఎప్పటికీ కనపడదు. పలచగా పూస్తే తొందరగా ఆరేది, కానీ పలచటి పూతకి వాడే స్పిరిట్ సీసా దారిలో జారి పగిలింది. కాబట్టి ఈ మందపాటి చుక్కే. ఇది ఆరాలి. దీనంతట ఇది ఆరాలి.

"ఏటి బాబూ, నీ గాజుముక్కకి జలుబు సేసిందేటి?" అంది సోములమ్మ.

నవ్వు రాలేదు. గంగరాజు మూల నుంచి "నోరు మూసుకోయే ముసిలీ" అన్నాడు. గంగరాజు మా మలేరియా యూనిట్‌లో ఇంటింటికీ తిరిగి రక్తం తీసే మనిషి, పాచిపెంట వాడు, ముప్పైఐదేళ్ళుంటాయి. మైక్రోస్కోపు పెట్టె తొమ్మిది మైళ్ళు వీపు మీద మోసుకొచ్చాడు. ఈ ఊళ్ళో ఇలా జరగబోతోందని పొద్దున్నే పరుగెత్తుకొచ్చి చెప్పిందీ వాడే. బేగి రండి సార్, బేగి, అని నా లుంగీ కూడా మార్చుకోనివ్వలేదు. అంత ఆత్రం వాడికెందుకో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించాల్సింది. కారణం లేకుండా ఎవడూ తొమ్మిది మైళ్ళు పరుగెత్తడు.

సోములమ్మ చేట పక్కన పెట్టింది. "పొదిగే కోడి ఉంది. దాని కింద ఎట్టు. నిప్పుకి ఉడుకుద్ది, కోడికి ఉడకదు." నేను నోరు తెరిచాను, కుదరదని చెప్పడానికి. మూసుకున్నాను. కోడి ఒంటి వేడి మనిషి కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ. గుడ్డు ఉడకదు, పిల్ల అవుతుంది. మా ల్యాబులో వానాకాలం స్లైడ్లు ఆరబెట్టే పెట్టెలో కూడా దాదాపు అంతే వేడి. లెక్క సరిపోయింది. ఈ ఊళ్ళో ఇవాళ సరిపోయిన మొదటి లెక్క ఇది, చెప్పింది చిల్లంగిది. కోడిని లేపి, గుడ్ల పక్కన వెచ్చటి ఊకలో స్లైడుని వెల్లకిలా పెట్టాం. కోడి నా చెయ్యి పొడిచింది.

నాలుగూ పద్నాలుగు. ఊక మీద చూపు నిలిపి కూర్చున్నాను, కూర్చుంటే బుర్ర ఊరుకోదు. నేను నమ్మేది కంటితో చూసినదాన్ని, లెక్కకి వచ్చినదాన్ని. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు, స్లైడు తెస్తే చూస్తానని ఒకసారి అన్నందుకు మా వరలక్ష్మి రెండు రోజులు అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. పెళ్ళయిన కొత్తలో తనకి జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యకుండా సూది పట్టుకుని వచ్చానట. ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఏమ్మా, మీ గణపతిరావుగారు ముద్దు పెట్టుకున్నా రుజువు అడుగుతారా అని పక్కింటి పైడితల్లి నవ్వుతుంది. నవ్వనీ. నుదురు అబద్ధం చెబుతుంది, ఎండలో తిరిగినా కాలుతుంది. రక్తం అబద్ధం చెప్పదు. పదహారేళ్ళుగా ఈ ఒక్కమాట మీదే బతికాను. ఆ మాటనే వారం క్రితం ఈ వాకిట్లో నిలబడి ఈ ఊరికి కూడా చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఆషాఢం మొదట్లో ఇక్కడ ఇద్దరు చనిపోయారని కబురొచ్చింది. ఇన్‌స్పెక్టర్ సెలవులో ఉన్నాడు, యూనిట్‌లో అధికారం నాది, ల్యాబూ నాది. తేనెపుట్టులో ముప్పై గడపలు, నూట పన్నెండు మంది. అందరి రక్తం కావాలన్నాను. గంగరాజు వెళ్ళి వచ్చి, ఊరోళ్ళు వేలు ఇవ్వటం లేదు సార్ అన్నాడు. కొండదేవత జాకరమ్మ పండగ ఇంకా కాలేదు, విత్తనాలకి కోడి రక్తం తగలక ముందు మనిషి రక్తం బయటికి రాకూడదంట, వస్తే భూమి మనిషినే అడుగుతుందంట, మూడు వారాలు ఆగమంటున్నారు. నేనేమన్నాను? నాకు బాగా గుర్తుంది, నా మాటలు నాకెప్పుడూ గుర్తుంటాయి. "జాకరమ్మ అనే కారణం రిపోర్టులో రాయడానికి గడి లేదు. నూట పన్నెండు మంది, నూట పన్నెండు స్లైడ్లు. అంతే." కిందటిసారి వేరే ఊళ్ళో నలభై తక్కువ తెచ్చినందుకు వాడికి మెమో ఇచ్చింది కూడా నేనే. రెండో మెమో వస్తే ఉద్యోగం పోతుందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నాలుగు రోజులకి వచ్చాడు. నూట పన్నెండు. ఒక్కటి తగ్గలేదు. నాలుగు రోజులు కూర్చుని అన్నీ చూశాను. ఒక్కదాంట్లో కూడా మలేరియా పురుగు లేదు. ఈ ఏడాది మాత్రల కొరత, పురుగు కనిపిస్తేనే మాత్ర అన్న నియమం పెట్టుకున్నాం. పెట్టుకున్నాం కాదు, పెట్టాను. కాబట్టి మాత్రలు ఇవ్వలేదు. కాబట్టి. నాకు ఎంతో ఇష్టమైన మాట అది.

ఊక కదిలింది. కోడి మళ్ళీ దగ్గరికి వస్తోంది, సోములమ్మ కాలితో తోసింది. "వేళెంతైంది బాబూ?" "నాలుగూ ఇరవైరెండు." "నాకు గంటలొద్దు. ఆవులెక్కడున్నాయి?" గంగరాజు తలుపు సందులోంచి చూసి, పై మెరక మీదే ఉన్నాయన్నాడు. ఆమె తల ఊపి పొగాకు నమిలింది. భయం లేదా ఈ మనిషికి? ఉంది. పాదం వేళ్ళు ముడుచుకుని నేలని పట్టుకుని ఉన్నాయి.

వారం క్రితం వచ్చాను. అప్పటికి నలుగురు పోయారు. వాకిట్లో నిలబడి, ఇది జ్వరం కాదు అన్నాను. మీ అందరి రక్తం చూశాను, నూట పన్నెండు మందిదీ, నా మిషను అబద్ధం ఆడదు, నీళ్ళు కాచి తాగండి, అన్నాను. సుక్రు అప్పుడు ఒక్కటే అడిగాడు. కొండ జరం కాదా, ఒట్టా? ఒట్టు అన్నాను. నేను ఒట్టు పెట్టడం అదే మొదటిసారి. వాళ్ళు నా మాట విన్నారు. అదే నా గుండెని కోస్తోంది. వినకుండా ఉంటే బతికిపోయేవాళ్ళం. ఇవాళ తన ఇంట్లో అడుగు పెట్టగానే సుక్రు నాకు అప్పజెప్పిన లెక్క ఇది. "మనిసి ఇలా కాలి సచ్చేది రెండింటికే బాబూ. ఒకటి కొండ జరం, రెండు సిల్లంగి. జరం కాదని నువ్వే ఒట్టేసినావు. మరింక మిగిలిందేటి?" ఇంతకంటే శుభ్రమైన తర్కం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రెండు కారణాలు, ఒకటి కొట్టేస్తే రెండోది. కొట్టేసింది నేను. ఈ ముసలిదాన్ని వేలు పెట్టి చూపించింది సోదె చెప్పే వెజ్జు కాదు, మంత్రగాడు కాదు. నా రిజిస్టరు. సుక్రు మనవరాలు కనక ఆ ఇంట్లో గొంగళి కింద వణుకుతోంటే చెయ్యి పెట్టి చూశాను. పక్కటెముక కింద ప్లీహం వాచిన బల్ల, రాయిలా, బొడ్డు దాకా దిగి ఉంది. బల్ల అలా పెరిగేది మలేరియాకేనని తెలిసి మాత్ర తీస్తే సుక్రు నా మణికట్టు పట్టుకున్నాడు. "జరం కాదన్నావు. మరి జరం మాత్ర నా గుంటపిల్లకెందుకు? తేల్చి వెయ్యి." పిల్ల వేలు మాత్రం పొడవనిచ్చాడు. పండగ మొన్ననే అయింది, ఇప్పుడు రక్తం తీయొచ్చు.

నాలుగూ ముప్పైఒకటి. స్లైడు తీశాను. ఆరింది! అంచులు సన్నగా పగిలి, మధ్యలో ముదురు గోధుమరంగు. దేవుడా అనబోయాను, ఆగాను. ఎర్ర రంగులో ఒక్క ముంచు, కడుగు, నీలంలో అర నిమిషం, మళ్ళీ కడుగు. మళ్ళీ కోడి దగ్గరికి. ఏడు నిమిషాలు. మబ్బు విడలేదు, మైక్రోస్కోపు అద్దం తలుపు వైపు తిప్పితే బూడిదరంగు వెలుతురు. చాలదు. గంగరాజూ, తలుపు పూర్తిగా తెరు. తెరిచాడు. ముప్పైనలుగురూ నావైపు చూశారు. నేను కన్ను ఆనించాను.

ఉంగరాలు. వెతకలేదు, వెతకాల్సిన పని లేదు. చూసిన చోటల్లా సన్నటి నీలి ఉంగరాలు, ఒక్కోదానికి ఎర్రటి చుక్క. ఒక్క చూపులో ఇరవై. పక్కకి జరిపితే ఇంకో ముప్పై. పదహారేళ్ళలో ఇంత నిండిన రక్తం నేను చూడలేదు. ఇది ఈ వారంలో వచ్చిన జ్వరం కాదు. ఆ బల్ల రోజుల్లో పెరిగేది కాదు. ఈ పిల్ల ఆషాఢంలోనూ ఇలాగే ఉండి ఉండాలి. ఆషాఢంలో ఈ పిల్ల స్లైడు నేను చూశాను. యాభైమూడో నంబరు, కనక, ఎనిమిదేళ్ళు. నెగెటివ్.

సుక్రుని పిలిచాను. వంగి చూశాడు, చాలాసేపు చూశాడు. "ముక్కుపోగుల్లాగున్నాయి." "అవే పురుగులు. ఇది జ్వరమే. సోములమ్మ ఏమీ చెయ్యలేదు. పిల్లకి మాత్ర వెయ్యనీ, ఊరందరికీ వేస్తాను." అతను తల ఎత్తాడు. నమ్మాడనుకున్నాను. అతని కళ్ళు నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాయి, లోపల బుర్ర ఒప్పుకోవడం లేదు. ఆ బుర్ర అచ్చం నా బుర్ర లాంటిదే.

"మొన్న లేదంది. నేడు ఉందంటోంది. ఏది అబద్ధం?"

"దోమ వల్ల..."

"దోమ మొన్నా ఉంది. మొన్న లేదని సెప్పింది దోమేటి? మిసను అబద్ధం ఆడదన్నావు. అయితే మనిసి ఆడినాడు." అతని వెనక తలుపు నిండా ముఖాలు. "ఆ మనిసి పేరు సెప్పు బాబూ. పేరు సెప్తే నేడు సూపించింది నిజమని నమ్ముతాను. గుంటకి మాత్ర వెయ్యి, ముసిల్ది తన ఇంట్లో తనుంటాది. సెప్పలేవా, నేడు సెప్పిందీ అబద్ధమే. ఏడుగురు పోయినారు. ఒకరు సెయ్యకుండా ఏడుగురు పోరు." బయటికి వెళ్ళిపోయాడు. నాలుగూ నలభైనాలుగు. ముప్పైఒక్క నిమిషాలు.

మనిషి. ఎవడు? ఒక్కొక్కటే కొట్టేద్దాం. రంగు పాడైందా? అదే సీసాతో మిగతా ఊళ్ళ స్లైడ్లలో పురుగులు దొరికాయి. కటకమా? అదే కటకం ఇది. నా కళ్ళా? ఇప్పుడే చూశాయి. స్లైడ్లు తారుమారయ్యాయా, వేరే ఊరివి ఇక్కడివిగా? ఆ వారం వేరే ఊరి స్లైడ్లు రాలేదు. మరి ఆ నూట పన్నెండులో నేనసలు చూసిందేమిటి, గుర్తు తెచ్చుకో, కళ్ళు మూసుకో, ల్యాబు, కిటికీ పక్క బల్ల, సిల్వర్ ఓకు చెట్ల నీడ, మొదటి స్లైడు. తెల్లకణాల్లో ఒక రకం ఉంటుంది, లోపల కుంకుమ పలుకుల్లాంటి ఎర్ర గింజలతో. మామూలు మనిషికి నూటికి రెండో మూడో. మొదటి స్లైడులో ముప్పై. రెండోదాంట్లో ముప్పై. కొండ మనుషులు, కడుపులో నులిపురుగులుంటాయి, ఎక్కువే ఉంటాయి అనుకున్నాను. పదోదాంట్లో ముప్పై. డెబ్భై ఏళ్ళ ముసలాడికి ముప్పై, చంటిబిడ్డకి ముప్పై. నూట పన్నెండు మందికి ముప్పై. ఒక ఊరు ఊరంతా ఒకే లెక్కలో ఉండదు. ఒక మనిషి మాత్రమే ఉంటాడు. నూట పన్నెండూ ఒక్కడి రక్తం.

ఆ గింజల కణాలు నులిపురుగులకే కాదు. ఇంకోదానికి కూడా పెరుగుతాయి. ఇంట్లో చప్పుడు లేదు, గెడ్డ మోత, పొయ్యి చిటపట, ఇంకా ఒకటి. మూల నుంచి సన్నగా ఈల. ఊపిరి వదిలేటప్పుడు ఈల. పొద్దుటి నుంచీ వింటున్నాను, పెట్టె బరువనుకున్నాను. ఏడాదికి మూడు నెలలు ఉబ్బసంతో సెలవు పెట్టే మనిషి.

"గంగరాజూ. చేతులు చూపించు."

చూపించలేదు. కూర్చుండిపోయాడు. "ఎవరూ ఇవ్వలేదు సార్. రెండ్రోజులు కాళ్ళు పట్టుకున్నాను. ఈ సుక్రు కత్తి తీసినాడు. మెమో గుర్తొచ్చింది సార్, పిల్లలు గుర్తొచ్చారు. గెడ్డ ఒడ్డున కూకుని... పది వేళ్ళూ పొడుసుకున్నాను. నా ఒంట్లో జొరం లేదు సార్, అందుకే..." ఏడుస్తున్నాడు. ఈల పెరిగింది. "నేను సెప్పబోయేను. మీరు రిజిస్టరు మూసేసినారు."

సోములమ్మ వాడి వైపు చూసింది. తిడుతుందనుకున్నాను, లేచి మీద పడుతుందనుకున్నాను. "పది వేళ్ళే కదరా, నూట పన్నెండు బొట్లకి ఎన్నిసార్లు పొడుసుకున్నావో? ఎర్రోడా, నా కోడిని అడిగితే ఇద్దును కదరా," అంది. అని పొగాకు ఉమ్మి మొహం తిప్పుకుంది.

నాలుగూ యాభైతొమ్మిది. దొరికాడు. మనిషి కావాలన్నారు, మనిషి ఉన్నాడు, ఒప్పుకున్నాడు కూడా. బయటికి వెళ్ళి చెప్పడమే. గొడ్డళ్ళు పదకొండు. చెబితే వీడు ఆ వాకిలి దాటడు. చెప్పకపోతే ముసలమ్మ దాటదు, ఆ పిల్ల రేపు చూడదు. రెండు ప్రాణాలు ఒకవైపు, అబద్ధమాడిన ఒకడు ఇంకోవైపు. లెక్క తేలికే. నిజమే చెబుతున్నాను కదా, నిజానికి నేను బాధ్యుణ్ణి కాను కదా, పదహారేళ్ళూ ఇదే చెప్పుకున్నాను. లేచాను. గడప ముందు ఆగాను. ఎందుకు ఆగాను? ఏదో ఒకటి మిగిలింది. లెక్కలో ఏదో కలపలేదు. ఎక్కడ? సిల్వర్ ఓకు నీడ, కిటికీ, బల్ల, ముప్పై, ముప్పై, ముప్పై. ముప్పైనాలుగో స్లైడు దగ్గర నేను తల ఎత్తాను. ఎత్తాను! కటకం నుంచి కన్ను తీసి కిటికీలోంచి చూశాను. పెన్సిలు చేతిలో ఉంది. ఇవన్నీ ఒకడివే కదా అనుకున్నాను. ఒక్క క్షణం. మాటలతో అనుకున్నాను, స్పష్టంగా, ఇప్పుడు వింటున్నంత స్పష్టంగా. అప్పుడు కుప్ప వైపు చూశాను. నూట పన్నెండు. మనుషులు నూట పన్నెండు. సంఖ్య సరిపోయింది. తిరస్కరిస్తే మళ్ళీ తీయించాలి, మూడు వారాలు ఆగాలి, పై ఆఫీసుకి గడి లేని కారణం రాయాలి. కన్ను మళ్ళీ కటకానికి ఆనించాను. ముప్పైఐదు, నెగెటివ్. గంగరాజు రక్తం గురించి అబద్ధం చెప్పాడు. నేను చూసి, తెలుసుకుని, సంతకం పెట్టాను. తరవాత ఇక్కడికి నడిచొచ్చి ఒట్టు వేశాను. వాడి అబద్ధం నా బల్ల దాటి బయటికి వచ్చే దారి లేదు, నేను దాటించాను. ఇది జాలి కాదు. త్యాగం అసలు కాదు. నాకు అవి చేతకావు. ఇది మిగిలిన లెక్క, అంతే.

గంటలు. చెక్క గంటలు, కొండ మీంచి, ఆవుల మెడల్లోవి. ఐదు కూడా కాలేదు, ఐదుంపావు అన్నానే, వానకి ముందే మళ్ళాయి, నా గడియారం వాటికి తెలియదు. సోములమ్మ లేచి నిలబడింది, కొంగు బిగించుకుంది. వాకిట్లో జనం కదిలారు. నేను ఆమె కంటే ముందు గడప దాటాను, వాన మొహాన కొట్టింది. సుక్రు నా ఎదురుగా. వెనక గంగరాజు ఈల ఆగిపోయింది, ఊపిరి బిగబట్టాడు.

"దొరికినాడా?"

"దొరికాడు."

"మా కాడ ఊరికే పేరు సెప్పరు బాబూ. ఇంటిపేరు, తండ్రి పేరు, మనిసి పేరు. అందరికీ వినపడాల."

గెడ్డ మోత. గంటలు దగ్గరయ్యాయి. సుక్రు ఇంట్లో గొంగళి కింద కనక పళ్ళు కొట్టుకోవడం వినిపిస్తోంది, లేదా వినిపిస్తోందనుకుంటున్నాను, తేడా తెలియడం లేదు.

"పొట్నూరు," అన్నాను. "పొట్నూరు నరసింగరావు కొడుకు."

"గట్టిగా. ఆ సివరోళ్ళకి వినపళ్ళేదు."

"మీ రక్తం కాదని తెలిసి కూడా మీ రక్తమేనని రాసినవాడు. ఇంటిపేరు పొట్నూరు. తండ్రి నరసింగరావు." ఊపిరి నిండా తీసుకుని అరిచాను. "పేరు గణపతిరావు!"